షెడ్డు కోసం నాలుగు ముక్కలు

1962 మార్చి 5, సోమవారం. భిలాయి.

ఇంటి పద్దు తప్ప నాకోసం నేను ఏదీ రాసుకునే అలవాటు లేదు. ఈ పుస్తకం ఇవాళ మొదలుపెట్టడానికి కారణం, మహిళా మండలి కోసం ఒక విజ్ఞప్తి రాయడానికి పొద్దున్న కూర్చుంటే ఇప్పటిదాకా ఒక్క వాక్యం నిలవకపోవడం. విజయనగరంలో ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు, "ఏమీ తోచకపోతే ముందు తేదీ వెయ్యండి, తరువాత కళ్ళ ముందున్నది రాయండి" అని పిల్లలకు చెప్పేదాన్ని. తేదీ వేశాను.

కళ్ళ ముందున్నది: బల్ల, సిరాబుడ్డి, కిటికీలోంచి ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్ల పొగ.

రాయవలసిన సంగతి చాలా చిన్నది. కూలీల పేట క్యాంప్ 2లో పనికి పోయే ఆడవాళ్ళు పసిపిల్లల్ని గుడిసెల్లో ఉంచి బయట తాళం వేసి వెళ్తున్నారు. అక్కడ ఖాళీగా ఉన్న ఒక రేకుల షెడ్డును పిల్లల కోసం మా మండలికి ఇస్తామని టౌన్‌షిప్ ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. వంతులవారీగా పిల్లల దగ్గర కూర్చునే ఆడవాళ్ళ పేర్లు, వారమంతటికీ సరిపడా, ఈ నెలాఖరులోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒకటో తారీఖున ఒక కాంట్రాక్టరు అందులో సిమెంటు బస్తాలు దింపుకుంటాడు. సెక్టార్ల క్వార్టర్లలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు పంచే కాగితం నేను రాయాలి. డబ్బు అడగక్కరలేదు. మనుషుల్ని అడగాలి.

"మీకిదో లెక్కా గౌరీదేవి గారూ! పాఠం చెప్పినట్టు గడగడా రాసేస్తారు కదండీ" అన్నారు సూర్యావతి గారు. ఆవిడ మండలి అధ్యక్షురాలు, ఇంజనీరు గారి భార్య.

కుడి చూపుడు వేలు గీసుకుపోయి ఉంది. కలం సరిగ్గా ఆనడం లేదు. రాయలేకపోవడానికి అదే కారణం.

మార్చి 6

వేలు నయం. రాయలేదు.

మార్చి 8

ఇవాళ రాశాను. "సకల సద్గుణ సంపన్నులైన సోదరీమణులారా! పరోపకారార్థమిదం శరీరమ్ అను ఆర్యోక్తిని అనుసరించి..." అక్కడ ఆగింది. పెద్దమనిషి ఎవరైనా బడికి వచ్చినప్పుడు చదివే సన్మానపత్రంలా ఉంది.

మనవరాలు అహల్య పక్కన నిలబడి కూడబలుక్కుంటూ చదివింది. దానికి ఆరేళ్ళు. తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు.

"నాన్నమ్మా, యే ఇత్‌నా లంబా ఏంటి, ఇంత పొడుగు? ఊపిరాడట్లేదు."

"తెలుగులో మాట్లాడు."

"తెలుగులోనే ఊపిరాడట్లేదు."

వంటింట్లో కోడలు సత్యలక్ష్మి నవ్వు ఆపుకున్న శబ్దం వినిపించింది. అహల్యను కసిరి పంపేశాను. కాగితం చింపేశాను.

పోయిన నెల అష్టగ్రహ కూటమికి ఈ వీధిలో సగం మంది ఇళ్ళు కదలకుండా కూర్చుని శాంతులు చేయించుకున్నారు. లోకం మునిగిపోతుందన్నారు. నేను ఆ రోజే వెళ్ళి కొత్త చెప్పులు కొనుక్కున్నాను. నాకు భయం అన్నది తక్కువ. అందరూ ఒప్పుకుంటారు.

మార్చి 9

సిరా బాగాలేదు. కొత్తది తెప్పించాను.

మార్చి 10

కొత్త సిరా కూడా బాగాలేదు.

మార్చి 11, ఆదివారం

మధ్యాహ్నం క్యాంప్ 2 వైపు నల్లటి పొగ లేచింది. ప్లాంటు పొగ కాదు. అది నిటారుగా లేస్తుంది, ఇది నేల మీద పాకుతూ లేచింది. మా అబ్బాయి గురునాథరావు సైకిలు మీద వెళ్ళి చూసి వచ్చాడు. ఒక వరస గుడిసెలు కాలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఆదివారం కాబట్టి అందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు.

సాయంత్రం నూకాలమ్మ అంట్లు తోమడానికి వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు పోయాడు. పొద్దున్నా సాయంత్రం మా ఇంట్లో పని చేస్తుంది, మధ్యలో ప్లాంటులో కాంట్రాక్టు కూలికి ఇటుకలు మోస్తుంది. ఆమె గుడిసె కాలిన వరసకు వెనక వరసలో ఉంది.

"నీకేం కాలేదు కదా?"

"నాకేటవుద్ది అమ్మగోరూ. గాలి అటేపుకి కొట్టింది. ఇటేపుకి కొట్టుంటే మా వరసే." బూడిద పెట్టి గిన్నె గట్టిగా రుద్దింది. "ఆదోరం కాబట్టి సరిపోయింది. రేపయితేనా..."

రేపయితే ఏమిటో చెప్పలేదు. నేను అడగలేదు. ఆమె కూతురు చిన్నమ్మలుకు మూడేళ్ళు.

మార్చి 12

రేపు అని ఆమె అన్నది ఇవాళే. పొద్దున్న నూకాలమ్మ కూలికి వెళ్ళేముందు ఎప్పటిలాగే తాళం వేసే ఉంటుంది.

ఇవాళ కూడా ఆ విజ్ఞప్తి రాయలేకపోతున్నాను కాబట్టి, ఇక్కడ రాయనిది ఒకటి రాసేస్తాను. ఈ పుస్తకం మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు, శనివారం, షెడ్డు ఎలా ఉందో చూద్దామని క్యాంప్ 2కు వెళ్ళాను. తిరిగి వస్తూ నూకాలమ్మ గుడిసె ముందు ఆగాను. రేకు తలుపుకు తాళం. లోపల చప్పుడు లేదు. పిల్ల నిద్రపోతోందనుకున్నాను. "చిన్నమ్మలూ" అని పిలిచి, తలుపు సందులో వేలు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

పట్టుకుంది. ఏడవలేదు, మాట్లాడలేదు. నా వేలు పిడికిట్లో పట్టుకుని ఊరుకుంది. కాసేపయ్యాక, "వెళ్ళొస్తానమ్మా, వదులు" అన్నాను. వదల్లేదు. ఎండ నెత్తి మీద ఉంది. పక్క గుడిసెలకు కూడా తాళాలే. చివరికి లాక్కున్నాను. రేకు అంచుకు గీసుకుంది.

ఇంటికి వచ్చి అయోడిన్ రాసుకుని భోజనం చేశాను.

ఎప్పుడు కలం పట్టుకున్నా ఆ పిడికిలి తగులుతోంది. "పరోపకారార్థమిదం శరీరమ్" అని రాయబోతే నవ్వు వస్తోంది. నవ్వు కాదు.

మార్చి 14

సూర్యావతి గారి దగ్గరనుంచి కబురు మీద కబురు. భయపడి, చింపిన కాగితంలో ఉన్నదే మళ్ళీ రాసి పంపేశాను. చివర "తమ రాకను సదా కోరుచున్నాము" అని చేర్చి, షెడ్డు చూపించడానికి ఒక శుక్రవారం పెట్టాను. తాళాల మాట రాయలేదు. రాస్తే "ఎలాంటి తల్లులమ్మా!" అంటారు. నూకాలమ్మను అంటారు. "అభాగ్యులగు శిశువులు" అని రాశాను.

బడిలో ఇలాంటి వ్యాసానికి నేను నూటికి ముప్పై వేసేదాన్ని.

మార్చి 18

దుర్గ్‌లో అచ్చు వేయించి తెచ్చారు. సూర్యావతి గారికి ఉత్సాహం ఎక్కువ. శుభకార్యం కదా అని లేత గులాబీ రంగు కాగితం తీసుకున్నారు, ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు రాయించారు. చాలా అందంగా ఉంది. ఇంటింటికీ పంచేశారు.

నాకు ఏదో తప్పు జరిగిందనిపించింది. ఏమిటో తెలియలేదు.

మార్చి 23, శుక్రవారం

తెలిసింది.

మూడు గంటలకు షెడ్డు దగ్గర నేనూ, సూర్యావతి గారూ నిలబడ్డాం. రిక్షాల మీద, నడిచి, ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇంతమంది వస్తారని కలలో కూడా అనుకోలేదు. గుండె నిండింది. అప్పుడు చూశాను, అందరూ పట్టుచీరలు. తలలో పూలు. పిల్లలకు గౌన్లు, కాళ్ళకు పట్టీలు. చేతుల్లో తాంబూలం వేసుకు వెళ్ళే సంచులు.

పసుపు మూలలున్న కాగితం చూసి ఎవరు మాత్రం లోపల చదువుతారు? శుభలేఖ అనుకున్నారు. చదివినవాళ్ళకు కూడా నా తెలుగులో అర్థమైంది "తమ రాకను కోరుచున్నాము" ఒక్కటే.

"పేరంటం ఎవరిదండీ? అమ్మాయి ఏదీ?" అని ఒకావిడ అడిగింది.

"సీమంతం అని చెప్పారు మా వాళ్ళు" అని ఇంకొకావిడ.

ఇద్దరూ షెడ్డులోకి తొంగిచూశారు. మట్టి, విరిగిన తట్టలు, పాత గోనెలు. సూర్యావతి గారు ఏదో చెప్పబోయారు. ఎవరో కిసుక్కుమన్నారు. "అయితే ఫలహారం లేదన్నమాట!" అని వెనకనుంచి మాట వచ్చింది. అందరూ నవ్వారు. నిజంగా చెడ్డ నవ్వు కాదు. కాని కాసేపటికి షెడ్డు ముందు మేమిద్దరమే మిగిలాం. సూర్యావతి గారు నా మొహం చూడకుండా రిక్షా ఎక్కారు.

వారం రోజులే ఉంది.

మార్చి 24

లేవలేదు. సత్యలక్ష్మి కాఫీ మంచం దగ్గరికి తెచ్చింది. "తలనొప్పి" అన్నాను.

మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. వాల్తేరు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, భర్త ప్లాంటు లోపలి రైలింజను నడుపుతాడు. పక్క వీధిలో ఉంటుంది. నిన్న పట్టుచీరలో వచ్చినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది.

"ఏటి మేడం గారూ, మంచమెక్కేశారు? నేను ఎంత సంబరపడ్డానో తెలుసా మీకు? ఈ ఊరొచ్చి నాలుగేళ్ళయింది, మీ హిందువుల పేరంటానికి మమ్మల్ని ఎవరైనా పిలిచారా? మొదటిసారి నిన్ననే పిలిచారు. ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకొస్తే రేకుల షెడ్డు చూపించారు!"

"నన్ను ఇంకా ఏమీ అనకు రూతమ్మా."

"అనకపోతే ఎలాగండీ? అడిగితే ఎవరూ రారు, పిలిస్తే అందరూ వస్తారని మీకు తెలీదా? అంత చదువు చదివారు."

అని కాఫీ తాగి, ఆ సాసరు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక ఆలోచించాను. మన ఆడవాళ్ళు పిలవడమంటే కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, బొట్టు పెట్టి, "మా ఇంటికి రావాలి" అనడం. బొట్టు పెట్టించుకున్నాక రానన్నది లేదు. నేను బొట్టు పెట్టకూడని దాన్ని. పద్నాలుగేళ్ళుగా ఏ గుమ్మంలోనూ నేను పిలవడానికి నిలబడలేదు. అందుకే కాగితం మీద అంత సంస్కృతం పోసి ఉంటాను. గుమ్మంలోకి వెళ్ళలేక కాగితం మీద గట్టిగా అరిచాను.

మార్చి 25

రాత్రంతా గాలి. పడమటి గాలి. క్యాంప్ 2 వైపు.

మార్చి 26, సోమవారం

టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్ళి గడువు పెంచమని అడిగాను. గుమాస్తా ధర్మారావు మన విశాఖ కుర్రాడే. శుక్రవారం సంగతి వాడిదాకా వచ్చింది. మొహంలో కనిపిస్తోంది.

"గడువు నా చేతిలో లేదండి. మాతాజీ, నాకు పేర్లు కావాలండి. మీ కాగితం మా ఆవిడ చదివి, ఏ దేవుడి దండకమో అని దేవుడి దగ్గర పెట్టిందండి."

ఇంటికి వస్తూ నా మీద నాకే కోపం వచ్చింది. కోపంలోనే కూర్చున్నాను. "నేను" అని రాశాను.

కొట్టేశాను. బడిలో వ్యాసాల్లో "నేను" అన్న మాట వాడితే ఎర్రసిరాతో చుట్టేదాన్ని. సభకు రాసేదానిలో రాసేవాడు కనబడకూడదు అని చెప్పేదాన్ని.

మళ్ళీ "నేను" అని రాశాను. ఏదో బట్టలు లేకుండా వీధిలో నిలబడ్డట్టు అనిపించింది. అయినా రాశాను. పూర్తి చేశాను. ఇదీ అది:

"నేను గౌరీదేవిని. మీలో చాలామందికి తెలుసు. ఈ నెలలో ఒక రోజు క్యాంప్ 2లో తాళం వేసిన ఒక గుడిసె తలుపు సందులో వేలు పెట్టాను. లోపలి పిల్ల పట్టుకుని వదల్లేదు. నేను వేలు లాక్కుని ఇంటికి వచ్చేశాను. ఆ తల్లి చెడ్డది కాదు. ఆమె కూలికి వెళ్తే పిల్లను చూసేవాళ్ళు లేరు. బయట వదిలితే లారీలు తిరుగుతాయి. అందుకని తాళం వేసింది. మొన్న పదకొండో తారీఖు ఆదివారం అక్కడ గుడిసెలు కాలాయి. ఆదివారం కాకపోయి ఉంటే ఆ పిల్లలు తలుపులు తీసుకోలేకపోయేవాళ్ళు. నాకు భయంగా ఉంది. పగలు కూడా భయంగా ఉంది.

మిమ్మల్ని పేరంటానికి పిలిచినట్టే పిలుస్తున్నాను. తాంబూలం లేదు. వారంలో ఒక పూట వచ్చి షెడ్డులో ఆ పిల్లల మధ్య కూర్చోండి. వండక్కరలేదు. చదువు చెప్పక్కరలేదు. తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటే చాలు. నేను ఒక్కదాన్నీ అన్ని పూటలూ కూర్చోలేను. రండి."

చదువుకుంటే వ్యాసంలా లేదు. మార్చలేదు.

సాయంత్రం నూకాలమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోకపోతే చింపేద్దామనుకున్నాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"మీరొచ్చారా అమ్మగోరూ? గుంట సెప్పింది, ఏలొచ్చింది అమ్మా, ఏలొచ్చింది అని. నాను పామేమోనని బెదిరిపోయి గుడిసంతా ఎతికాను."

"నీ పేరు రాయలేదు."

"రాయకండి. మేస్త్రీకి తెలిస్తే పనిలోంచి తీసేత్తాడు. మిగతాదంతా రాసుకోండి. అబద్ధమేటుంది అందులో?"

మార్చి 27

అచ్చు వేయించే వ్యవధి లేదు. సత్యలక్ష్మీ నేనూ పొద్దుపోయేదాకా కార్బన్ పెట్టి ప్రతులు రాశాం. కోడలి చేతిరాత ఇంత బాగుంటుందని నాకు తెలియదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది.

ప్రతులు సర్దుతూ తల ఎత్తకుండా అంది: "అత్తయ్యా, ఇవి పంచెయ్యొద్దు. మీరు రాశారు కదా, బొట్టు నేను పెడతాను. ప్రతి గుమ్మంలోనూ బొట్టు పెట్టి, ఇది చదివి వినిపిస్తాను."

"నీకు నలుగురిలో మాట రాదు కదా."

"మాట నాది కాదు కదండీ. మీదే. చదవడమేగా."

భరిణె తీసి ఇచ్చాను. అది నాదే. పెట్టె అడుగున ఉండేది.

మార్చి 28

సత్యలక్ష్మి రెండు వీధులు తిరిగింది. రూతమ్మ తన వాళ్ళ ఇళ్ళకు బొట్టు లేకుండా కాగితంతో వెళ్ళింది. నేను ఇంట్లో కూర్చున్నాను. వాళ్ళు తిరిగి వచ్చేదాకా అన్నం సయించలేదు. ఒకావిడ తలుపు వేసేసిందట. ఒకావిడ, "ఏ తల్లమ్మా అలా తాళం వేస్తుంది, మనిషా?" అందట. సత్యలక్ష్మి జవాబు చెప్పకుండా ఆ వాక్యం మళ్ళీ చదివిందట, "ఆ తల్లి చెడ్డది కాదు" అన్నది. ఆవిడ మంగళవారం పొద్దున్న పూట తీసుకుంది.

మార్చి 29

సూర్యావతి గారు వచ్చారు. మొహం కొంచెం ముడుచుకునే ఉంది. "నాకు బొట్టు పెట్టదా మీ కోడలు?" అన్నారు. పెట్టింది. బుధవారం రెండు పూటలూ ఆవిడవే.

మార్చి 30, శుక్రవారం

ధర్మారావుకు పేర్లు ఇచ్చాను. ఒక్క పూట తప్ప వారం నిండింది. ఆ పూట పక్కన నా పేరు వేశాను. వేలితో వరసగా చూసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఇది మా ఆవిడ పేరండి."

"అవును. శనివారం మధ్యాహ్నం."

"నాకు చెప్పలేదండి."

"నీకెందుకు చెప్తుంది? బొట్టు పెట్టింది ఆమెకు."

ముద్ర వేసి తాళంచెవి ఇచ్చాడు. సిమెంటు ఇంకెక్కడికో పోతుంది.

మార్చి 31, శనివారం

షెడ్డు వచ్చిందని నూకాలమ్మకు చెప్పాను. సోమవారం చిన్నమ్మలును తీసుకురమ్మన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. తోముతున్న చెంబు పక్కన పెట్టింది.

"తేను అమ్మగోరూ."

నాకు అర్థం కాలేదు. అందరిలోకీ ముందు ఆమే తెస్తుందనుకునే నేను రాసిందంతా రాశాను.

"ఎందుకు?"

"మీరొత్తారు. మీరు కాపోతే ఇంకోళ్ళొత్తారు. నాలుగు రోజులు. తరవాత ఒకరికి సుట్టాలొత్తారు, ఒకరికి పండగొత్తాది. ఎవులూ రారు. అప్పుడు నాను మళ్ళీ తాళమెయ్యాల." కళ్ళు నా వైపు తిప్పలేదు. "ఇప్పుడయితే గుంట ఏడవదు. లోపలుండడం అలవాటయిపోనాది. బయటాట్లాడించి మళ్ళీ లోపలెట్టారనుకోండి, ఆ ఏడుపు నాను ఇనలేనమ్మా."

ఇది నేను రాసిన ఏ కాగితంలోనూ లేదు.

"రెండు వారాలు సూత్తాను" అంది చివరికి. "రెండు వారాల్లో ఒక్క పూటయినా ఆ తలుపు మూసుంటే మరి నన్నడక్కండి."

"సరే" అన్నాను.

నెల మొదట్లో ఉన్న భయం ఇది కాదు. అది కలం పట్టుకోనివ్వలేదు. ఇది కూర్చోనివ్వడం లేదు. జరగవలసినవి వరసగా రాసుకుంటున్నాను.

1. రేపు ఆదివారం షెడ్డు కడగాలి. నేను, సత్యలక్ష్మి, రూతమ్మ. విరిగిన తట్టలు, మేకులు, గాజుముక్కలు ఏరి పారెయ్యాలి. నేల మీద చేత్తో తడిమి చూడాలి, కళ్ళతో చూస్తే చాలదు.

2. నీళ్ళకు రెండు కుండలు. మంట అంటుకుంటే చల్లడానికి ఇసుక బాల్చీలు వేరే.

3. సోమవారం పొద్దున్న పూట నాది. ప్లాంటు హూటరు కూత కన్నా ముందే వెళ్ళి తలుపు తీసి ఉంచాలి.

4. పిల్లల్ని కసరకూడదు. వరసలో నిలబెట్టకూడదు. నాకు ఒక్క ఆటపాట కూడా రాదు. రేపటిలోగా సత్యలక్ష్మి దగ్గర ఒకటి నేర్చుకోవాలి. అహల్య నవ్వితే నవ్వనివ్వాలి.

5. గురువారం ఉగాది. మన ఆడవాళ్ళెవరూ ఇల్లు కదలరు. కాంట్రాక్టరుకు ఉగాది లేదు, కూలి ఉంటుంది. ఆ రోజు రెండు పూటలూ నేనే కూర్చోవాలి. రూతమ్మ సాయం వస్తానంది.

6. ఎవరికి జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, ముందురోజే నాకు కబురు పంపాలని ఇంటింటికీ మళ్ళీ చెప్పించాలి. కబురు రాని పూట కూడా నేను వెళ్ళి చూడాలి.

7. రెండు వారాలూ ఒక్క పూట కూడా తలుపు మూసి ఉండకూడదు.

8. ఆ రెండు వారాలూ చిన్నమ్మలు లోపలే ఉంటుంది. ఆ రెండు వారాలూ క్యాంప్ 2లో నిప్పు పుట్టకూడదు. ఇది నేను చేయగలిగింది కాదు. అయినా జరగాలి కాబట్టి రాస్తున్నాను.